లోపమును చూపువాడు శత్రువా?

రాత్రివేళ మన వీధి తలుపునకు గడియ పడలేదని పొరుగువాడు వచ్చి చెప్పినచో, మనము వానికి నమస్కరించి గడియ వేసికొందుము. “నా తలుపువంక నీవేల చూచితివి?” అని వానిపై ఠాణాలో ఫిర్యాదు చేయువానిని చూచి లోకము నవ్వును. ఐతే ఆ తలుపు కొయ్యతలుపు గాక కంప్యూటరునందలి తలుపైనప్పుడు, ఆ యిల్లు ఒక గృహస్థునిది గాక యొక కళాశాలదో, బ్యాంకుదో, ప్రభుత్వశాఖదో యైనప్పుడు, లోకరీతి తలక్రిందులగుచున్నది. తలుపు తెరచియుంచినవాడు పెద్దమనిషిగను, తెరచియున్నదని చెప్పినవాడు దొంగగను కన్పట్టుచున్నారు. ఇది న్యాయమా? న్యాయము కానిచో, చెప్పువానికి మాత్రము కొన్ని ధర్మములు లేవా? ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి పుట్టినది కాదు. మా యనకాపల్లి వీధి యరుగుమీద పుట్టినది.

కంప్యూటరు భద్రతయందు ఆసక్తిగల నలుగురైదుగురు యువకులు సాయంకాలములందు మా యరుగుమీద కూడుచుందురు. వారి మాటలలో సగము వాదము, సగము వేళాకోళము. సంకేతపదముగా తన పేరునే పెట్టుకొన్నవానిని వారు దినమంతయు నవ్వుదురు. ఇతరుల యంత్రములలోని లోపములను వెదకువారికి వారు టోపీలు తొడిగి పేర్లు పెట్టుదురు. అనుమతితో వెదకి చెప్పువాడు తెల్లటోపీవాడు. వెదకి దోచుకొనువాడు నల్లటోపీవాడు. అనుమతి లేకయే వెదకి, దోచుకొనక చెప్పువాడు బూడిదరంగు టోపీవాడు. మాకు మొదట నీ భాష వింతగ తోచెను. పిమ్మట వినగా వినగా, ధర్మశాస్త్రకారులు చర్చింపదగిన సంగతులనే వీరు నవ్వుచు చర్చించుచున్నారని తెలిసినది.

ఒకనాడు వారిలో నొకడు మెల్లగా వచ్చి మా ప్రక్కన కూర్చుండెను. అతడు చదువుచున్న విద్యాసంస్థ పరీక్షాఫలితములను తన వెబ్‌సైటున నుంచినది. తన ఫలితము చూచుకొనునపుడు పైన చిరునామాలో తన సంఖ్య కన్పడెను. పొరపాటున నందులో చివరి యంకె మారగా, మఱియొక విద్యార్థి పేరు, తండ్రి పేరు, మార్కులు, ఫోను నంబరు ప్రత్యక్షమయ్యెనట. “మాస్టారూ, తాళం పగలగొట్టలేదు. తలుపు తీసే ఉంది. చూశాను, అంతే. ఇప్పుడేం చెయ్యమంటారు?” అని యడిగెను.

మిత్రులు వానిని విడువలేదు. ఒకడు “ఊరంతా దండోరా వేయించు, అప్పుడుగాని కదలరు” అనెను. రెండవవాడు “నోరు మూసుకో, చెప్పినవాడి మెడకే చుట్టుకుంటుంది” అనెను. మూడవవాడు “ముందు వారికి ఉత్తరం రాయి, గడువు పెట్టు” అనెను. పిమ్మట మువ్వురును కలిసి వానికి “అంకెలదొంగ” యని బిరుదిచ్చి నవ్విరి. అతడును నవ్వెను గాని, వాని కన్నులలో భయము మాకు కనబడెను. మేము పెద్దవారము; వాని తల్లిదండ్రుల నెఱిగినవారము. “చదువు ముగిసేదాకా ఊరుకో నాయనా” అని చెప్పితిమి. ఆ మాట వివేకమని యప్పుడు తలచితిమి. అది వివేకమో పిఱికితనమో నిర్ణయించుటకే యీ వ్యాసము.

మన పూర్వులు వాదమునకు మూడు రూపములు చెప్పిరి. గౌతముని న్యాయశాస్త్రమునందు సత్యనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తనకొక పక్షము లేక, ఎదుటివాని పక్షమును చెఱచుటకే చేయునది వితండ. లోపములను వెదకు విద్యకును ఈ మూడు రూపములు కలవు. తలుపు బాగుపడవలెనని వెదకువాడు వాదము చేయుచున్నాడు. నాకంటె గొప్పవాడు లేడని మెప్పించుటకు వెదకువాడు జల్పము చేయుచున్నాడు. ఇల్లు కూలిన చాలునని వెదకువాడు వితండ చేయుచున్నాడు. ముగ్గురి చేతిలోని పనిముట్టు ఒకటే. ముగ్గురి నేర్పును ఒకటే. పనిని మాత్రమే చూచి ముగ్గురిని ఒక గాటను కట్టువాడు న్యాయము తెలిసినవాడు కాడు.

వేళాకోళము మాత్రము సర్వదా నింద్యమా? తెలుగువారు అట్లనజాలరు. అష్టావధానమునందు అప్రస్తుతప్రసంగియను నొక పృచ్ఛకుడుండును. అవధాని పద్యపాదమును కూర్చుకొనుచుండగా, కూరగాయల ధర యెంతయనియో, అత్తవారిల్లెక్కడయనియో యడిగి, వాని ధారణను చెదరగొట్టుటయే యతని పని. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని వేయబోవు నక్షరము నూహించి దానినే నిషేధించును. ఈ యిరువురును పైకి శత్రువులవలె వర్తింతురు. కాని యవధానము రక్తి కట్టుట వారివలననే. ఎవడును అడ్డగింపని ధారణ ధారణయని యెట్లు తెలియును? తిరుపతి వేంకట కవులు ఊరూర సభలు జయించిరనగా, ఊరూర వారిని చిక్కులలో పెట్టిన పృచ్ఛకులుండిరనియే యర్థము. ఐతే యిక్కడ రెండు నియమములు గమనింపవలెను. అవధాని తానై సభకు వచ్చినాడు. పృచ్ఛకుడు వాని జయమునే లోలోపల కోరుచున్నాడు. అంగీకారము, హితేచ్ఛ, ఈ రెండును ఉన్నంతవఱకు పరిహాసము పరీక్షయగును. అవి పోయిన మఱుక్షణమున అదే పరిహాసము హింసయగును.

అమెరికాలో 1993 మొదలు జరుగుచున్న డెఫ్‌కాన్ అను సమావేశమునందు “గొఱ్ఱెల గోడ” యను నొక వేడుక కలదు. అక్కడి యంతర్జాల మార్గమును రక్షణ లేక వాడుకొన్నవారి పేర్లను, సంకేతపదములలో కొంతభాగమును మఱుగుపఱచి, గోడమీద ప్రదర్శింతురు. అచ్చటికి వచ్చినవారందఱును ఆ విద్యనభ్యసించువారే గనుక, గోడ నెక్కినవాడు సిగ్గుపడి నేర్చుకొనును. సగము దాచుటయే యాచారములోని దయ. అదే గోడను మన సంతలో నిలిపి, చదువురాని వృద్ధురాలి బ్యాంకు సంకేతమును పూర్తిగా దానిమీద వ్రాసినచో, దానిని వేడుక యనుట కెవనికి నోరు వచ్చును?

ఇక “లోపమును దాచియుంచుటే క్షేమము, బయటపెట్టిన దొంగలకు దారి చూపినట్లే” యను వాదమును విచారింతము. ఇది క్రొత్త వాదము కాదు. లండను నగరమున బ్రామా యను తాళముల వ్యాపారి దుకాణపు కిటికీలో నొక తాళముండెడిది. దానిని తాళపుచెవి లేక తెరచినవానికి 200 గినీలు బహుమానమని ప్రకటన. దాదాపు అరువదియేండ్లు దానిని తెరచినవాడు లేడు. 1851లో అచ్చట జరిగిన మహాప్రదర్శనమునకు వచ్చిన హాబ్స్ అను అమెరికను తాళపు పనివాడు, మొదట చబ్ వారి ప్రసిద్ధమైన తాళమును, పిమ్మట 16 దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి బ్రామా తాళమును తెరచెను. ఇట్టి సంగతులు ప్రకటింపవచ్చునా యని యప్పుడు పెద్ద చర్చ జరిగెను. హాబ్స్ పక్షమువారి సమాధానము సరళమైనది: తాళముల బలహీనతలు దొంగలకు ముందే తెలిసియుండును, తెలియనిది కొనువారికి మాత్రమే. దాచుటవలన దొంగకు నష్టము లేదు, గృహస్థునకే నష్టము. ఆ పిమ్మట తాళములు చేయువారు తమ పనిని మెఱుగుపఱచుకొనక తప్పలేదు.

1883లో కెర్క్‌హోఫ్స్ అను పండితుడు సైనిక రహస్యలిపిని గూర్చి వ్రాయుచు నిట్టి సూత్రమునే ప్రతిపాదించెను. రహస్యముగ నుండవలసినది తాళపుచెవి మాత్రమే. తాళపు నిర్మాణము శత్రువు చేతికి చిక్కినను క్షేమము చెడరాదని యాతని భావము. నేటి గూఢలిపి విద్యకు నిది పునాదిరాయి. దాచినంతకాలమే నిలుచు బలము బలము కాదు. మా యూరి బెల్లపు బజారులో నీ మాట వేఱొక విధముగా నందఱికిని తెలియును. తళతళలాడు దిమ్మను చూచి తెలిసినవాడు మోసపోడు; ఆ రంగు చెఱకుదో, హైడ్రోస్ మందుదో తెలిసికొనుటకు చిదిపి చూచును, వాసన చూచును, నాలుకమీద వేసికొనును. చిదుపనీయని దిమ్మను కొనువాడు బజారులో లేడు.

ఇప్పుడు మన రాష్ట్రములకు సంబంధించిన యొక ప్రసిద్ధ వృత్తాంతమును చెప్పుదుము. మన దేశపు ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రములను తయారుచేయు సంస్థలు రెండు; అందొకటి బెంగుళూరునను, రెండవది హైదరాబాదునను గలవు. ఆ యంత్రములు 1982లో కేరళలోని పరవూరున మొదట వాడబడి, 2004 సాధారణ ఎన్నికలనాటికి దేశమంతట వ్యాపించెను. 2010లో హైదరాబాదునకు చెందిన వేమూరు హరికృష్ణప్రసాదు, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హాల్డర్మన్, నెదర్లాండ్సు దేశీయుడైన ఖొంగ్రైప్ మొదలగువారితో కలసి అట్టి యంత్రము నొకదానిని పరీక్షించెను. యంత్రము చేతికి చిక్కినవాడు దానిలోని ఫలక నొకదానిని మార్చి, లెక్కను తారుమారు చేయవచ్చునని వారు ప్రదర్శించి చూపిరి. పరీక్షకు యంత్రము నిచ్చినవారి పేరును మాత్రము వారు వెల్లడింపలేదు. ఆ యంత్రము ముంబయిలో నొక ప్రభుత్వ గోదామునుండి దొంగిలింపబడినదను నభియోగముపై పోలీసులు 2010 ఆగష్టు 21న ఆయనను హైదరాబాదులోని యింటినుండి ముంబయికి గొనిపోయిరి. వారము దినములకు బెయిలు దొరకెను. ఆ సంవత్సరముననే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయొనీరు పురస్కారము నొసంగెను. ఒక్క పనికి ఒక చోట చెఱ, మఱియొక చోట పురస్కారము!

ఇచ్చట రెండు పక్షములను న్యాయముగ చెప్పుట మా ధర్మము. యంత్రము దేనికిని అనుసంధింపబడి యుండదనియు, దానిని చేతికి చిక్కనీయకుండ ముద్రలు, కావలి మొదలగు కట్టుదిట్టములు కలవనియు ఎన్నికల సంఘము వారి వాదము. అది త్రోసివేయదగినది కాదు. యంత్రము ఎట్లు చేతికి వచ్చినదను ప్రశ్నయు నడుగదగినదే. కాని ప్రశ్న నడుగుట వేఱు. ఆ ప్రశ్నను కప్పుగా వేసి, తెలియవచ్చిన లోపమును దానిక్రింద దాచుట వేఱు. కాలము దీనికి కొంత సమాధానము చెప్పినది. ఓటరునకు తన యోటు కాగితముమీద కనబడు ఏర్పాటు స్వేచ్ఛాయుతమైన యెన్నికలకు అత్యవసరమని సుప్రీముకోర్టు 2013 అక్టోబరు 8న చెప్పెను. 2019 సాధారణ ఎన్నికలలో ప్రతి కేంద్రమునను ఆ కాగితపు యంత్రము వచ్చెను. చీటీలన్నిటిని లెక్కింపవలెనను కోరికను 2024 ఏప్రిల్ 26న ఆ న్యాయస్థానమే నిరాకరించి, యంత్రముల యెడ విశ్వాసమును ప్రకటించెను. అనగా నేమి? అనుమానించినవారు కోరినదంతయు జరుగలేదు. కాని యనుమానించినవారు లేకున్నచో ఆ కాగితపు ముక్కయు రాకపోయియుండవచ్చును. విశ్వాసము ప్రశ్నలను తట్టుకొని నిలిచినదే గాని, ప్రశ్నలు లేక నిలిచినది కాదు.

ఇంకొక యుదాహరణము. 2017 మే నెలలో, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు ఎవరికైనను కనబడునట్లున్నవని బెంగుళూరునందలి యొక పరిశోధనసంస్థ నివేదిక ప్రకటించెను. దానిని వ్రాసిన యిరువురిలో నొకరు తెలుగువారైన కొడాలి శ్రీనివాసు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు చెందినవి. ఆ సంఖ్యలు ఉపాధిహామీ కూలీలవి, పింఛనుదారులవి, బీమా పొందిన శ్రామికులవి. వారిలో నెందఱికి తమ సంఖ్య బజారున పడినదని తెలియును? దాచియుంచుటవలన రక్షింపబడునది కూలివాడా, గుమాస్తా పరువా? ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పుకొన్నచో చిక్కు సగము విడిపోవును.

ఇంతమాత్రమున వెదకువాడు చేసినదెల్ల ధర్మమని మేము చెప్పుట లేదు. అన్యుల బలహీనతను కనిపెట్టు నేర్పు ఎంత చెఱుపు చేయగలదో మా జిల్లావారమే చూచితిమి. అచ్యుతాపురమున కూర్చుండి అమెరికా దేశస్థులను ఫోనులలో భయపెట్టి సొమ్ము గుంజుచున్న ముఠాను 2025 మే నెలలో అనకాపల్లి పోలీసులు పట్టుకొనిరి. వారు వెదకినది యంత్రపు లోపము కాదు, మనుష్యుని భయమును. నేర్పునకు తనంత తానుగ నీతి లేదు. నీతి చేర్చవలసినవాడు మనుష్యుడే.

కావున చెప్పువాని ధర్మములను మేమిట్లు నిర్ణయించుచున్నాము. మొదటిది, తలుపు తెరచియున్నదని తెలిసికొనుటకు చాలినంత మాత్రమే చూడవలెను. లోపలి పెట్టెలు తెఱచి లెక్కింపరాదు. ఒక్క యంకె మార్చి చూచుట తెలివిడి. వేయి యంకెలు మార్చి దాచుకొనుట దొంగతనమునకు తొలిమెట్టు. రెండవది, మొదట యజమానునకు చెప్పవలెను, పిమ్మటనే లోకమునకు. మూడవది, గడువీయవలెను, ఆ గడువు అనంతము కారాదు. గూగుల్ సంస్థవారి ప్రాజెక్ట్ జీరో 2014 మొదలు సాధారణముగా 90 దినముల గడువు పాటించుచున్నది. గడువు లేని యోర్పు నిర్లక్ష్యమునకు కొమ్ము కాయుటయే. నాల్గవది, చెప్పుటకు ప్రతిఫలముగ సొమ్మడిగి బెదరింపరాదు. బెదరించిన క్షణమున వాని టోపీ నల్లబడును. ఐదవది, నవ్వదలచినచో బలవంతుని యహంకారమును చూచి నవ్వవలెను గాని, తెలియనివాని తెలియమిని చూచి కాదు.

వినువానికి ధర్మములు లేవా? ఫిర్యాదు పంపుటకొక చిరునామా తలుపుమీదనే వ్రాసియుంచవలెను. అందినదని మఱునాడు చెప్పవలెను. బాగుచేసి, చెప్పినవానికి కృతజ్ఞత తెలుపవలెను. తన యిల్లు తెరచియుండగా నష్టపడినవారికి ఆ సంగతి దాపఱికము లేక తెలుపవలెను.

ఇక చట్టము. మన 2000 సంవత్సరపు ఐటీ చట్టము 43వ సెక్షను అనుమతి లేక యన్యుని కంప్యూటరునందు ప్రవేశించుటనే తప్పుగ నెంచి నష్టపరిహారము విధించుచున్నది. ఆ పని వంచనతోనో దురుద్దేశముతోనో చేసినచో 66వ సెక్షను మూడేండ్ల వఱకు చెఱను, అయిదు లక్షల రూపాయల వఱకు జరిమానాను విధించుచున్నది. ఉద్దేశమును లెక్కించుట న్యాయమే. కాని సదుద్దేశమును నిరూపించుకొనులోపల నొక విద్యార్థి చదువును, పేరును పోవచ్చును. నెదర్లాండ్సు ప్రభుత్వము 2013లోనే సద్బుద్ధితో చెప్పువారికి మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. అమెరికా న్యాయశాఖ 2022 మేలో, సద్బుద్ధితో పరిశోధించువారిపై నేరము మోపరాదని తన ప్లీడర్లకు విధానము నేర్పఱచెను. మన దేశమునను సెర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ యిట్టి సమాచారమును స్వీకరించుచున్నది. మార్గము కలదు, ఆ మార్గమున నడచువానికి అభయము చట్టమునందు స్పష్టముగ వ్రాయబడుట యింకను కావలసియున్నది.

ఇప్పుడు మా యరుగుమీది కథను ముగింతుము. మేము ఊరుకొమ్మన్నాము, యువకుడూరకుండెను. మూడు నెలల పిమ్మట మా వీధిలోనే యుండి ఆ సంస్థలోనే చదువుచున్న యొక బాలికకు అపరిచితుడొకడు ఫోను చేయసాగెను. వానికి ఆమె పేరు తెలియును, తండ్రి పేరు తెలియును, ఏ విషయమున నెన్ని మార్కులు వచ్చెనో తెలియును. తల్లి యామె చేతినుండి ఫోను తీసికొని పెట్టెలో పెట్టి తాళము వేసెను. వాడు ఆ తలుపుననే ప్రవేశించెనని మేము నిరూపింపజాలము. ప్రవేశింపలేదని చెప్పజాలకపోవుటయే మమ్ము నిద్రకు దూరము చేసినది. నాడు మేము రక్షించినది యొక కుఱ్ఱవానిని మాత్రమే. ఆ పట్టికలో పేరున్న తక్కిన పిల్లలందఱు మా లెక్కలో లేకపోయిరి.

మేమే యువకుని పిలిచి క్షమాపణ చెప్పుకొని, వానితో కలసి లేఖ వ్రాసితిమి. ఆ లేఖపై మొదటి సంతకము మాది. పది దినములలో తలుపు మూతపడెను. ప్రత్యుత్తరము రాలేదు, కృతజ్ఞతయు రాలేదు. అరుగుమీది మిత్రులు మాత్రము మాకొక బిరుదిచ్చిరి: “తెల్లజుట్టు, తెల్లటోపీ.” వారి వేళాకోళమును మేము సంతోషముతో స్వీకరించితిమి, ఆలస్యముగ వచ్చినందుకు అందులోని చురుకును స్వీకరించితిమి.

చదువరులారా, మీ యింట నిట్టి పిల్లవాడొకడు వచ్చి తెరచియున్న తలుపును గూర్చి మెల్లగా చెప్పినచో, మేము చెప్పిన మొదటి మాటను మీరు చెప్పకుడు. వానితో కూర్చుండి లేఖ వ్రాయుడు. వాని పేరునకు ముందు మీ పేరుంచుడు. పెద్దవారి పేరు పనికివచ్చుట యిట్టి చోటులందే.